కీమోతో పాటు కొత్త మందు ట్రయల్‌లో చేరమంటున్నారు, అన్నయ్య సంతకం పెట్టొచ్చా?

కొత్తపేట తమ్ముడు (గుంటూరు):

మా అన్నయ్యకి 52 ఏళ్లు. మిర్చి యార్డులో కమిషన్ కొట్లో గుమాస్తా. తొడలో గడ్డ కనబడితే ఇక్కడొక నర్సింగ్ హోమ్‌లో కొవ్వు గడ్డేనని ఎమ్మారై కూడా తీయకుండా కోసి తీసేశారు. బయాప్సీలో లియోమయోసార్కోమా అని తేలింది, సార్కోమా అనే క్యాన్సర్లలో కండరానికి వచ్చే ఒక రకమట. ఇప్పుడు ఊపిరితిత్తులకీ పాకింది. హైదరాబాద్ తీసుకెళ్తే డాక్సోరుబిసిన్ కీమో మొదలుపెట్టాలన్నారు. దానికి ఒక కొత్త మందు కలిపి ఇచ్చే మూడో దశ ట్రయల్ నడుస్తోంది, ఇష్టమైతే చేరండి అన్నారు. సగం మందికి కొత్త మందు, మిగతా సగానికి ఉత్తి సెలైన్ లాంటిది. ఎవరికి ఏది వెళ్తోందో డాక్టర్‌కి కూడా తెలియదట!

అమ్మ ‘నా కొడుకు మీద ప్రయోగాలేంట్రా’ అని ఒకటే ఏడుపు. అన్నయ్యేమో ఫ్రీగా చేస్తారు కదా, సంతకం పెట్టేద్దాం అంటున్నాడు. కాటా చీటీ రెండుసార్లు చూసుకునే మనిషి, ఈ కాగితాలు ఒక్కటీ తిరగెయ్యలేదు. నాకు టెన్షన్ అదే. ఉత్తి సెలైన్ పడితే వైద్యం లేకుండా పోయినట్టే కదా? తెలిసినవాళ్లు చెప్పండి.

సూర్యారావుపేట కోఆర్డినేటర్ (విజయవాడ):

నేను ట్రయల్స్‌లోనే పని చేస్తాను, మీరు చెప్పిన దానితో సంబంధం లేదు. ముందు ఆ సెలైన్ భయం వదిలేయండి. డాక్సోరుబిసిన్ రెండు వైపులా ఇస్తారు. సార్కోమాకి దశాబ్దాలుగా మొదట ఇచ్చే మందు అదే. ఉత్తి ద్రవం వచ్చేది కొత్త మందు స్థానంలోనే.

కొత్త మందు పడినవాళ్లే అదృష్టవంతులు అనుకోవడం మాత్రం కుదరదు. ఒలారటుమాబ్ అనే మందు సంగతి మా ఫీల్డ్‌లో ఎవరూ మర్చిపోరు. దాన్ని డాక్సోరుబిసిన్‌తో కలిపి 133 మంది మీద చూస్తే, సగటున బతికిన కాలం 14.7 నెలల నుంచి 26.5 నెలలకి పెరిగింది. అందరూ ఎగిరి గంతేశారు. 2016 అక్టోబరులో అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ త్వరితగతిన అనుమతి ఇచ్చేసింది. తర్వాత 509 మందితో మూడో దశ పెద్ద ట్రయల్ పెట్టారు, మీ అన్నయ్యకి చెప్పినట్టే ఎవరికి ఏది పడుతోందో తెలియకుండా. 2019లో ఫలితం చూస్తే కలిపి ఇచ్చినవాళ్లకి 20.4 నెలలు, ఉత్తి కీమో వాళ్లకి 19.7. తేడా లేనట్టే. మందు మార్కెట్లోంచి వెళ్లిపోయింది. ఎవోఫాస్ఫమైడ్ అనే ఇంకో మందుదీ అదే కథ, 640 మందితో చేసిన ట్రయల్‌లో పనికి రాలేదు. చిన్న ట్రయల్‌లో వచ్చిన అంకె నిజమో కాదో తేలేది మూడో దశలోనే. డాక్టర్‌కి కూడా చెప్పకపోవడం అందుకే, మోసానికి కాదు.

అలాగని అన్నీ పోయినవే కాదు. ఇది మీ అన్నయ్యకి సరిగ్గా సంబంధించింది. సార్కోమాలో యాభైకి పైగా రకాలున్నాయి, అన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్లే కొన్ని మందులు తేలిపోయాయని నా అభిప్రాయం. ఫ్రాన్స్‌లో కేవలం లియోమయోసార్కోమా ఉన్న 150 మంది మీద డాక్సోరుబిసిన్‌తో ట్రాబెక్టెడిన్ అనే మందు కలిపి చూశారు. 2024లో వచ్చిన ఫలితం: కలిపి ఇచ్చినవాళ్లు బతికిన కాలం 33 నెలలు, ఉత్తి డాక్సోరుబిసిన్‌కి 24. దుష్ప్రభావాలు ఎక్కువే. ‘ట్రయల్‌లో చేరకపోతే ఈ కాంబినేషన్ మాకు కుదురుతుందా, ఖర్చెంత’ అని డాక్టర్‌ని సూటిగా అడగండి.

ఫ్రీ అని మాత్రం చేరొద్దు. డాక్సోరుబిసిన్ పాత మందు, ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు మీద కీమో దొరుకుతుంది. ట్రయల్‌లో కూడా ఏ స్కాన్ ఎవరి లెక్కలోకి వస్తుందో సమ్మతి పత్రంలో రాసి ఉండాలి. ఆ పత్రం తెలుగులోనే ఇమ్మనండి, ఇంటికి తెచ్చుకుని చదవండి. ట్రయల్స్ మీద కేంద్రం తెచ్చిన 2019 రూల్స్ ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలి. నచ్చకపోతే మధ్యలో మానేయొచ్చు, వైద్యం ఆపకూడదు. మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో ఆ ట్రయల్ నంబరు కొట్టి చూడండి. నంబరు ఇవ్వడానికి నసిగితే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

తాడేపల్లి అక్క:

తమ్ముడూ, మా వారికి డాక్సోరుబిసిన్, ఐఫాస్ఫమైడ్ కలిపి ఇచ్చారు. ట్రయల్ కాదులే. డాక్సోరుబిసిన్ చూడ్డానికి రూహ్ అఫ్జా లాగా ఎర్రగా ఉంటుంది. నర్సు సిరంజితో మెల్లగా తోస్తూ ‘మంటగా ఉందా అండీ’ అని అడుగుతూనే ఉండేది. నరం బయటికి కారితే చర్మం కాలిపోతుందట. అందుకే తర్వాత పోర్ట్ పెట్టించాం, మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చేది. ఆ రోజు మూత్రం ఎర్రగా వస్తే కంగారు పడకండి, మందు రంగే. ముందు గుండెకి ఎకో స్కాన్ తీయించండి, గుండెని దెబ్బతీయగల మందు ఇది.

అసలు భయం కీమో ఇచ్చాక పది, పదిహేను రోజుల మధ్య. తెల్లకణాలు పడిపోతాయి. జ్వరం 100.4 దాటిందంటే అర్ధరాత్రి అయినా ఆసుపత్రికే, డోలో వేసి పడుకోబెట్టకూడదు. మీ ట్రయల్ హైదరాబాద్‌లో, మనిషి గుంటూరులో. ఆ రాత్రి ఎక్కడికి తీసుకెళ్తారు?

కొత్తపేట తమ్ముడు:

అక్కా, ఆ మాట మాకెవరికీ తట్టలేదు. సార్, ట్రయల్‌లో ఉన్న మనిషిని గుంటూరులో చేర్చుకుంటారా?

సూర్యారావుపేట కోఆర్డినేటర్:

చేర్చుకుంటారు, ఎమర్జెన్సీకి అడ్డు లేదు. గుంటూరు ప్రభుత్వాసుపత్రి జీజీహెచ్‌లో నాట్కో క్యాన్సర్ సెంటర్ ఉంది, ముందే వెళ్లి మాట్లాడి పెట్టుకోండి. ట్రయల్ వాళ్లు ఇచ్చే చిన్న కార్డు అన్నయ్య చొక్కా జేబులోనే ఉండాలి, అందులో 24 గంటల ఫోన్ నంబరు ఉంటుంది. సంతకానికి ముందే ఒక రాత్రి ఆ నంబరుకి ఫోన్ చేసి చూడండి, ఎవరైనా ఎత్తుతారో లేదో.