పాత కడప బండ గట్టు: రుద్దించాలా, కప్పేయాలా?

నల్లగట్టు (గుంటూరు):
మా ఇల్లు 1994లో కట్టినది. వంటింటి గట్టు అప్పటి కడప బండే, 9 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు. సింకు చుట్టూ తెల్లమచ్చలు పడ్డాయి, స్టౌ ముందు భాగం గరుకెక్కింది, రెండు బండలు కలిసే చోట అతుకు ఊడి నల్లటి సందు మిగిలింది. గ్రానైట్ వేయించాలంటే గట్టుతోపాటు కింది అరలూ, నీళ్ళ గొట్టాలూ కదపవలసి వస్తుందని మేస్త్రీ చెప్పడంతో ఆ ఆలోచన మానుకున్నాము. చేతిలో ఉన్నది 6,000 రూపాయలు. పాలరాతి డిజైను స్టిక్కరు అతికించుకోమని మా ఆడపడుచు అంటోంది. బండ రుద్దిస్తే చాలునని మావారు అంటున్నారు. అనుభవమున్నవారు ఏది మేలో చెప్పగలరు.

అద్దింటివాడు (మియాపూర్):
నేను స్టిక్కరు పక్షమేనండి. గోడకు మేకు కొట్టడానికి కూడా యజమాని ఒప్పుకోని అద్దె ఇంట్లో మూడేళ్ళుగా అదే వాడుతున్నాము. బండను జిడ్డు లేకుండా కడిగి, ఒక రాత్రంతా ఆరనిచ్చి, గాలి బుడగలు నిలవకుండా పాత ఏటీఎం కార్డుతో నొక్కుకుంటూ అతికించాను. ఖాళీ చేసే రోజున హెయిర్ డ్రయ్యరుతో వేడి తగిలిస్తే ఊడి వస్తుంది, అడ్వాన్సులో కోత పడదు. మనది కాని బండను రుద్దించడానికి ఎవరు డబ్బు పెడతారు?

రాతిమనిషి (విశ్రాంత సివిల్ ఇంజనీరు, కర్నూలు):
అమ్మా, ఆ తెల్లమచ్చలు అసలు మరకలు కావు, అందుకే ఎంత తోమినా పోవు. కడప బండ సున్నపురాయి జాతిది. దాని మీద నిమ్మరసం గాని, చింతపండు పులుసు గాని, పుల్ల మజ్జిగ గాని ఒలికి కాసేపు నిలిస్తే ఆ పులుపు బండ పైపొరను సన్నగా కరిగిస్తుంది, నునుపు పోయిన ఆ చోటు మనకు తెల్లగా కనబడుతుంది. మచ్చ పోతుందేమోనని బాత్రూము కడిగే యాసిడ్ పోసేవారున్నారు. అప్పుడు బుసబుసమని పొంగేది మురికి అనుకుంటారు గాని, కరిగిపోతున్నది బండే.

మీది నిజంగా కడప బండేనా, నల్ల గ్రానైటా అన్న అనుమానముంటే మిక్సీ కింద, ఎవరి కంటా పడని చోట, ఒక చుక్క నిమ్మరసం వేసి పది నిమిషాలాగి తుడిచి చూడండి. మచ్చ మిగిలితే సున్నపురాయి. (చీమకుర్తిలో తవ్వే నల్ల గెలాక్సీ రాయిని గ్రానైట్ అనడం వ్యాపారుల మాట, భూగర్భశాస్త్రం లెక్కలో అది గాబ్రో అనే వేరే రాతి జాతిది. ఏదైనా పది నిమిషాల నిమ్మరసానికి అది చలించదు.) సున్నపురాయే అయితే రుద్దించడమే సరైన వైద్యం. పోయింది పైపొర మాత్రమే గనుక, ఆ పైపొరను సమంగా తీసేస్తే కింద 1994 నాటి నలుపే ఉంటుంది.

పోపులపెట్టె (రాజమహేంద్రవరం):
పెద్దవారిని కాదంటున్నానని అనుకోవద్దు. మేమూ మిషనుతో అద్దంలా పాలిష్ పెట్టించాము. వారం రోజులు బురద కడుక్కున్నాము. మామిడికాయ ముక్కలు కొట్టిన నాడే మళ్ళీ మచ్చలు పడ్డాయి. మన వంటలో పులుపు లేని పూట ఏది? పులుసు పెట్టుకునే ఇంట్లో సున్నపురాయిని అద్దంలా ఉంచాలనుకోవడం తీరే కోరిక కాదు. టైల్స్ వేయించుకోండి, బండ తీయనక్కరలేదు.

రాతిమనిషి:
మీ అభ్యంతరం న్యాయమైనదే, కానీ తప్పు రుద్దడంలో లేదు, అద్దం మెరుపు కోరుకోవడంలో ఉంది. మెరిసే బండ మీద మచ్చ దూరం నుంచే కనబడుతుంది. పాలిష్‌వారు గరుకైన 50 నంబరు రుద్దే బిళ్ళతో మొదలుపెట్టి, నంబరు పెరిగేకొద్దీ నునుపు పెంచుతూ 100, 200, 400, 800 అంటూ 3,000 దాకా పోతారు. వంటగట్టుకు 400 దగ్గర ఆపమనండి. మెరుపు లేని ఆ నునుపు మీద పులుపు మచ్చ పడినా ఇట్టే పోల్చుకోలేము. పైన పూసే సీలరు నూనెనూ పసుపునూ లోపలికి ఇంకనివ్వదు గాని, పులుపును మాత్రం ఆపలేదు. పులుపు ఆపుతుందన్న పేరుతో అదనంగా అడిగితే ఇవ్వకండి.

ఇక టైల్స్ సంగతి. 8 మిల్లీమీటర్ల పలక, కింద 4 మిల్లీమీటర్ల జిగురు వేసుకుంటే గట్టు దాదాపు అర అంగుళం లేస్తుంది, బండ మీద కూర్చున్న సింకు అంచు పల్లంలో పడుతుంది. పలకల సందుల్లో మామూలు సిమెంటు గ్రౌటు పెడితే నెల తిరక్కుండా పసుపు పట్టేస్తుంది; ఎపాక్సీ అనే గట్టిపడే రసాయన జిగురుతో చేసిన గ్రౌటుకు పోతే ఖర్చు పెరుగుతుంది. చపాతీలు గట్టు మీదే వత్తే అలవాటుంటే ఆ సందులు మరీ ఇబ్బంది.

ఉప్పుడుబియ్యం (విశాఖపట్నం):
స్టిక్కరు గురించి ఒక మాట చెప్పాలి. ఆన్‌లైన్‌లో కొన్నది మేమూ అతికించాము. రెండో నెలలో మావారు ఇడ్లీ పాత్ర పొరపాటున దాని మీద దించితే అడుగు గుండ్రం అచ్చుగా పడిపోయింది. అది సర్దుకోవచ్చు. వానాకాలంలో సింకు పక్క అంచు కాస్త లేచిందని లాగి చూస్తే, కింద పుల్లటి కంపు, నానిన మెతుకులు, బొద్దింక పిల్లలు. నీరు లోపలికి పోయే దారి ఉంది గాని ఆరే దారి లేదు.

అద్దింటివాడు:
సింకు అంచుకు సిలికాన్ పట్టీ వేయకపోవడం వల్ల వచ్చిన తిప్పలండి అవి. స్టౌ చుట్టూ ఒక అడుగు మేర అతికించకుండా వదిలేస్తే వేడి సమస్యా ఉండదు.

పోపులపెట్టె:
స్టౌ దగ్గరా వద్దు, సింకు దగ్గరా భయమే అంటే, ఇక మిగిలే చోటు కప్పడం దేనికి?

నల్లగట్టు:
అందరికీ కృతజ్ఞతలు. గట్టంతా ఎపాక్సీ పొర పోయించుకోమని ఒకరు విడిగా చెప్పారు గాని, వేడి పాత్రకు మెత్తబడుతుందనీ, కిటికీ ఎండకు పసుపెక్కుతుందనీ తెలిసి వదిలేశాను.

నిమ్మరసం పరీక్ష చేశాను, మచ్చ పడింది. మిషను పిలిచే ముందు చేత్తోనే చూద్దామని హార్డ్‌వేర్ దుకాణంలో నీళ్ళలో తడిపి వాడే నల్ల ఉప్పుకాగితం 120, 220, 400 నంబర్లవి తెచ్చి, చెక్కముక్కకు చుట్టి, నీళ్ళు చల్లుకుంటూ మిక్సీ పక్కన ఒక అడుగు మేర రుద్దాను. ముప్పావు గంట పట్టింది, భుజం పట్టేసింది. బూడిదరంగు బురద తుడిచి, ఆరాక రెండు చుక్కల కొబ్బరినూనె గుడ్డతో రాస్తే ఆ అడుగు మేర బండ కొత్త పలకలా నల్లగా తేలింది. నిన్న దాని మీద కావాలనే చారు ఒలికించి వదిలేశాను. మచ్చ పడింది గాని, వంగి వెలుతురుకు అడ్డంగా చూస్తేనే తెలుస్తోంది.

అతుకులో మురికి గీకేసి నల్లరంగు కలిపిన ఎపాక్సీ జిగురు నింపాము, ఆరేదాకా ఆ వైపు సింకు వాడటం లేదు. మిగతా ఎనిమిది అడుగులు చేత్తో నా వల్ల కాదు గనుక, 400 దగ్గర ఆపే ఒప్పందం మీద ఆదివారం మిషను వస్తోంది. మా ఆడపడుచు ఆ అడుగు మేర బండను చూసి వెళ్ళింది. "నల్లగానే ఉందిగా, ఇంతకీ ఏం మారింది?" అంది.