టేబుల్ సైజు రెండు రకాలుగా చూపిస్తోంది, ఏది నమ్మాలి?

ప్రశ్న: పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పీజీ_రిలేషన్_సైజ్ ఫంక్షన్ కొడితే 2 జీబీ అంది, అదే టేబుల్‌కి పీజీ_టోటల్_రిలేషన్_సైజ్ కొడితే 9 జీబీ. డిస్క్ నిండిపోతోందని ఇక్కడ టెన్షన్‌గా ఉంటే ఈ పేర్ల గోల ఒకటి, ఎవరు పెట్టారండీ బాబూ!

జవాబు 1: రెండూ కరెక్టే. మొదటిది అసలు డేటా ఫైల్ వరకే లెక్కేస్తుంది. పెద్ద టెక్స్ట్, జేసన్ (ఒక డేటా ఫార్మాట్) లాంటివి పక్కన దాచే టోస్ట్ టేబుల్‌ గానీ, త్వరగా వెతకడానికి పెట్టుకునే ఇండెక్సులు గానీ అందులోకి రావు. టోటల్‌లో అన్నీ వస్తాయి. ఇండెక్సులు వద్దు, టోస్ట్ కావాలంటే పీజీ_టేబుల్_సైజ్ వాడండి.

జవాబు 2: పీజీ_రిలేషన్_సైజ్ అనే పేరు తికమకే, ఒప్పుకుంటా. కానీ పోస్ట్‌గ్రెస్ భాషలో రిలేషన్ అంటే టేబుల్ ఒక్కటే కాదు, ఇండెక్స్ కూడా రిలేషనే, ఆ ఫంక్షన్‌కి ఇండెక్స్ పేరిచ్చినా పనిచేస్తుంది, అందుకే టేబుల్ అనలేదనుకుంటా. పీజీ_టేబుల్_సైజ్, పీజీ_ఇండెక్సెస్_సైజ్ 2010లో 9.0 వెర్షన్‌తో గానీ రాలేదు, అప్పటికే పాత పేరు అందరి స్క్రిప్టుల్లో పాతుకుపోయింది, ఇంక మార్చేదెవరు?

జవాబు 3: అన్నట్టు, సైజుని ఎంబీ, జీబీల్లో చదివేలా చూపే పీజీ_సైజ్_ప్రెట్టీ ఇచ్చేది టెక్స్ట్, అంకె కాదు. దాని మీద ఆర్డర్ బై (వరసలో పేర్చే ఆదేశం) పెడితే 90 ఎంబీ వచ్చి 10 జీబీ కంటే పెద్దదై కూర్చుంటుంది. నేనలాగే ఓ పూట పోగొట్టుకున్నా.

ప్రశ్న అడిగినవారు: చూశానండీ, 5 జీబీ టోస్టే! లాగ్ జేసన్ అంతా అందులోనే పడుంది. థ్యాంక్స్.