ఎక్స్‌రే నార్మల్ అంటున్నారు, మెడ మాత్రం తిరగట్లేదు. కాంపెన్సేషన్ వస్తుందా?

సైదాబాద్ మగ్గం:

అందరికీ నమస్కారం. నేను ఇంట్లోనే మగ్గం వర్క్ చేస్తాను, పెళ్లి బ్లౌజులు ఎక్కువ. 27 రోజుల కింద మా ఆయనతో బేగంబజార్ వెళ్లి పూసలు, జర్దోసీ తీసుకుని స్కూటీ మీద వస్తున్నాం. నల్గొండ క్రాస్‌రోడ్స్ సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనక నుంచి ఒక కారు వచ్చి గుద్దింది. మేం కింద పడలేదు, రక్తం రాలేదు, తల మాత్రం ఒక్కసారి వెనక్కి పోయి ముందుకు వచ్చింది. కారాయన మంచిగానే మాట్లాడి ఫోన్ నంబర్ ఇచ్చాడు, మేమూ నడుస్తున్నాం కదా, కేసెందుకులే అని ఇంటికి వచ్చేశాం.

మర్నాడు పొద్దున లేస్తే మెడ పక్కకు తిరగలేదు. కుడి భుజం నుంచి మోచేతి దాకా ఒకటే గుంజుడు. ఎక్స్‌రేకి కారాయనే డబ్బు ఇచ్చాడు, ఎముకలు బాగున్నాయి, సాఫ్ట్ టిష్యూ ఇంజరీ అన్నారు. మందులకు, ఫిజియోథెరపీకి ఇప్పటికి 18,600 అయింది. నెలకు 22 నుంచి 25 వేలు వచ్చే పని మొత్తం ఆగిపోయింది, తీసుకున్న అడ్వాన్సులు వెనక్కి ఇచ్చాను.

ఇప్పుడు ఆయన 15,000 ఇస్తా, ఇక ఏ కేసూ వేయనని సంతకం పెట్టండి అంటున్నాడు. మా అత్తయ్య ఏమో ఎముక విరగలేదు కదా, వచ్చింది తీసుకో అంటోంది. నాకు జీతం స్లిప్ లేదు, ఎఫ్ఐఆర్ లేదు, ఎక్స్‌రే నార్మల్. ఇలాంటి దెబ్బకు కోర్టులో అసలు నష్టపరిహారం ఇస్తారా? ఉన్నది పోగొట్టుకుంటానేమోనని టెన్షన్‌గా ఉంది.

మోకాలి దెబ్బ తిన్నవాడు:

అక్కా, ముందు ఆ కాగితం మీద సంతకం పెట్టకండి. నాకు బైక్ మీద వెళ్తుంటే మోకాలి లిగమెంట్ చిరిగింది, నాకూ మొదటి రోజు ఎక్స్‌రే నార్మలే వచ్చింది, తర్వాత ఎంఆర్ఐలో బయటపడింది. కేసు వేశాను, మూడేళ్లు పట్టింది కానీ వచ్చింది. అయితే నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. ఇంటి దగ్గర ఫిజియో చేసే అతనికి నాలుగు నెలలు చేతికి డబ్బులు ఇచ్చాను, ఒక్క రసీదు తీసుకోలేదు. మెడికల్ షాపు బిల్లులు సగం జేబులోనే చెరిగిపోయాయి. అడిగినప్పుడు చూపించడానికి ఏమీ లేదు, చూపించగలిగిన దానికే లెక్క కట్టారు. ఆ థర్మల్ కాగితం మీద అక్షరాలు కొన్ని నెలలకే పోతాయి, ఈరోజే అన్నీ ఫోటో తీసి, జిరాక్సులు తీసి పెట్టుకోండి, ఒరిజినల్స్ విడిగా ఒక కవర్లో దాయండి. ఆటోలో ఆస్పత్రికి వెళ్లినా ఆ డబ్బు ఫోన్‌పేలో ఇవ్వండి.

ఇంకొకటి, ఆస్పత్రి దగ్గరే ఒకతను వచ్చి నేను మొత్తం చూసుకుంటా, వచ్చిన దాంట్లో 30 శాతం ఇవ్వు అని నా సంతకాలు తీసుకోబోయాడు. అలాంటి వాళ్ల జోలికి పోవద్దు.

ఫిజియోథెరపిస్ట్‌ని:

అమ్మా, మీ అత్తయ్య గారిని తప్పు పట్టను, చాలామంది అలాగే అనుకుంటారు. ఎక్స్‌రేలో కనపడేది ఎముక. కండరం, లిగమెంట్ (ఎముకను ఎముకతో కలిపేది), టెండన్ (కండరాన్ని ఎముకతో కలిపేది), వీటినే సాఫ్ట్ టిష్యూ అంటారు, ఇవి అందులో కనపడవు. తల ఒక్కసారి వెనక్కి, ముందుకు ఊగినప్పుడు మెడ కండరాలు, లిగమెంట్లు సాగిపోతాయి, దీన్నే విప్‌లాష్ అంటారు. నొప్పి మర్నాడు మొదలవడం కూడా ఇందులో మామూలే, కాబట్టి ఆ రోజు బాగానే ఉన్నారు కదా అని ఎవరైనా అంటే మీరు జంకాల్సిన పని లేదు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తున్నాను. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయా, చేతిలో పట్టు తగ్గిందా? ఉంటే కేసు సంగతి తర్వాత, ముందు ఎముకల డాక్టర్‌కి చూపించి ఎంఆర్ఐ అవసరమా అని అడగండి, నరం నొక్కుకుని ఉండవచ్చు.

మీ ఫిజియో గారిని ప్రతిసారీ ‘నొప్పి ఉంది’ అని రాసి ఊరుకోవద్దని అడగండి. మెడ కుడికి ఎన్ని డిగ్రీలు తిరుగుతోంది, చెయ్యి ఎంత ఎత్తు లేస్తోంది, పట్టు ఎంత ఉంది, ఇవన్నీ మేం కొలవగలం. తేదీతో సహా ఆ అంకెలు ఉంటే మూడు నెలల తర్వాత ఎవరైనా నిజంగా కదలలేకపోయిందా అని అడిగినా కాగితమే చెప్తుంది. మీ పని ఏమిటో కూడా రాయించండి. మగ్గం అంటే తల వంచి గంటలు గంటలు కూర్చోవాలి, పైన ఒక చేత్తో సూది, కింద మరో చేత్తో దారం అందిస్తూ ఉండాలి. ఈ సంగతి తెలియనివాళ్లకు మెడ పట్టేసింది అంటే అదేదో చిన్న విషయంలా అనిపిస్తుంది. అన్నట్టు, మెడ పట్టీ వేసుకుని అలాగే పడుకోకండి, చెప్పిన వ్యాయామాలు మానొద్దు, మధ్యలో మానేస్తే మీకూ నష్టం, రికార్డులోనూ ఖాళీ కనపడుతుంది.

సివిల్ కోర్టు లాయర్‌ని:

అమ్మా, సూటిగా చెప్తాను. ఎముక విరిగితేనే పరిహారం అని మోటారు వాహనాల చట్టంలో ఎక్కడా లేదు. 166వ సెక్షన్ కింద గాయపడినవాళ్లు ఎవరైనా ట్రిబ్యునల్‌లో, అంటే ప్రమాద పరిహారం కేసులు వినే కోర్టులో, పిటిషన్ వేయవచ్చు. కానీ ప్రమాదం జరిగిన ఆరు నెలల లోపు వేయాలి, 2019 సవరణలో పెట్టిన ఈ గడువు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మీకు ఇంకా ఐదు నెలలు ఉన్నాయి, చివరిదాకా ఆగకండి. మీరు సైదాబాద్‌లో ఉంటారు, ప్రమాదమూ సిటీలోనే, కాబట్టి పురానీ హవేలీలోని సిటీ సివిల్ కోర్టులోనే వేసుకోవచ్చు.

ముందు పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. ఆలస్యమైందని భయపడొద్దు, ఎఫ్ఐఆర్ ఆలస్యం ఒక్కటే కారణంగా క్లెయిమ్ కొట్టేయకూడదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. కానీ ఎందుకు ఆలస్యమైందో జరిగింది జరిగినట్టు రాయండి: ఆ రోజు నొప్పి తెలియలేదు, మర్నాడు మొదలైంది, ఎక్స్‌రేకి కారాయనే డబ్బు ఇచ్చాడు. ఆయనతో వాట్సాప్‌లో మాట్లాడి ఉంటే ఆ మెసేజ్‌లు డిలీట్ చేయకండి, ప్రమాదం జరిగిందని ఆయన ఒప్పుకున్నట్టే కదా. కారు నంబర్ ఎంపరివాహన్ యాప్‌లో కొట్టి ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా ఉందో చూడండి. పాలసీ ఉంటే డబ్బు కట్టాల్సింది కంపెనీ. ఆ సిగ్నల్ చుట్టుపక్కల షాపుల సీసీటీవీ ఫుటేజీ ఇప్పటికే చెరిగిపోయి ఉండవచ్చు, అయినా ఒకసారి అడగండి.

ఇంకో ముఖ్యమైన విషయం. భారతీయ న్యాయ సంహిత 116వ సెక్షన్‌లో, గాయం వల్ల 15 రోజులు తీవ్రమైన నొప్పితో ఉన్నా, రోజూ చేసే పనులు చేసుకోలేకపోయినా అది ‘తీవ్ర గాయం’ కిందికి వస్తుంది. పాత ఐపీసీలో ఇది 20 రోజులు ఉండేది. మీరు 27 రోజులుగా పని చేయలేకపోతున్నారు. కాబట్టి ఎన్ని రోజులు పని చేయలేరో మీ డాక్టర్‌తో రాయించుకోండి. నోటిమాట చాలదు.

ఎంత వస్తుంది అంటారా, లక్షలు లక్షలు అని చెప్పి మిమ్మల్ని ఆశపెట్టను. రాజ్‌కుమార్ అనే ప్రమాద బాధితుడి కేసులో సుప్రీంకోర్టు 2010లో చెప్పినట్టు, మామూలు గాయాలకు వైద్య ఖర్చులు, చికిత్స కాలంలో పోయిన సంపాదన, పడిన నొప్పి, బాధ, వీటికే ఇస్తారు. శాశ్వతంగా ఏదైనా లోపం మిగిలిందని వైద్య సాక్ష్యం ఉంటేనే భవిష్యత్తు సంపాదనకు లెక్క కడతారు. అదే తీర్పులో, ఎడమ చెయ్యి పోతే డ్రైవర్‌కి, వడ్రంగికి సంపాదన దాదాపు మొత్తం పోయినట్టే, గుమాస్తాకి అంత పోకపోవచ్చు అన్నారు. అంటే మీ చెయ్యి మీ పనిలో ఎంత ముఖ్యమో చూపించాలి. ఇప్పుడే డిజేబిలిటీ సర్టిఫికెట్ ఇప్పిస్తామని ఎవరైనా అంటే నమ్మకండి, చికిత్స పూర్తయ్యాక మీకు వైద్యం చేసిన డాక్టర్ గానీ, లోపం ఎంత ఉందో పరీక్షించిన డాక్టర్ గానీ వచ్చి చెప్పాలి. ఇప్పుడు మీ లెక్కలో ఖర్చులు 18,600, ఒక నెల సంపాదన 22 వేలు అనుకున్నా 40 వేలు దాటింది, ఇంకా చికిత్స అవలేదు. 15,000కి సంతకం ఎందుకు పెట్టాలి?

ఫీజు గురించి కూడా. వచ్చిన డబ్బులో ఇంత వాటా అని లాయర్ ఒప్పందం చేసుకోకూడదు, బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, సిటీ సివిల్ కోర్టు ప్రాంగణంలోనే న్యాయసేవాధికార సంస్థ ఆఫీసు ఉంది, అక్కడ దరఖాస్తు పెట్టండి. తర్వాత లోక్ అదాలత్‌లో రాజీకి పిలిస్తే వెళ్లండి, కానీ అక్కడ ఒప్పుకున్నాక అప్పీలు ఉండదు, ఆ అంకె మీకు సమ్మతమైతేనే ఒప్పుకోండి.

సైదాబాద్ మగ్గం:

అందరికీ చాలా థ్యాంక్స్. మా అత్తయ్యకు మొత్తం చదివి వినిపించాను, ఎక్స్‌రేలో కండరం కనపడదా అని రెండుసార్లు అడిగింది. తిమ్మిరి రాత్రిపూట చిటికెన వేలికి ఉంటోంది మేడమ్, రేపే డాక్టర్‌కి చూపిస్తాను.

లాయర్ గారూ, జీతం స్లిప్ లేదు కానీ ఆర్డర్ పుస్తకం ఉంది. పేరు, తేదీ, అడ్వాన్స్, ఇవ్వాల్సిన రోజు అన్నీ నా చేతిరాతే. చాలామంది ఫోన్‌పే చేశారు, వెనక్కి ఇచ్చిన అడ్వాన్సులు కూడా ఫోన్‌పేలోనే. ఇది పనికొస్తుందా? కొన్ని పేజీలు నూనె మరకలతో బాగా లేవు, శుభ్రంగా ఇంకో పుస్తకంలో ఎక్కించి ఇవ్వనా?

సివిల్ కోర్టు లాయర్‌ని:

వద్దమ్మా, కొత్తగా రాయొద్దు. మరకలతో ఉన్న ఆ పుస్తకమే కావాలి, ఒక్క అక్షరం కూడా దిద్దకండి. కొత్త పుస్తకం చూస్తే కేసు కోసం రాసుకున్నారని అవతలి లాయర్ అంటాడు. కిందటి ఏడాది పేజీలు కూడా ఉంచండి, ఫోన్‌పే స్టేట్‌మెంట్ ప్రమాదానికి ముందు ఏడాదిది, తర్వాతిది రెండూ తీయండి. అడ్వాన్స్ వెనక్కి తీసుకున్న కస్టమర్లలో ఒకరిద్దరు సాక్ష్యం చెప్తారేమో ఇప్పుడే అడగండి. పెళ్లి అయిపోయాక వాళ్లకు అంత గుర్తుండదు.