పట్టపగలు ఉల్క కనబడుతుందా? ప్రకాశం బ్యారేజీ మీద నుంచి చూసినది

ప్రశ్న (విజయవాడ)

నమస్కారమండీ. నిన్న ఉదయం పదిన్నర దాటాక ప్రకాశం బ్యారేజీ మీద సీతానగరం వైపు నడుస్తుండగా, నదికి ఎగువన పడమటి ఆకాశంలో తెల్లగా వెలిగే ముద్ద ఒకటి ఏటవాలుగా దిగి, మూడు సెకన్లలోపే రెండు ముక్కలై ఆరిపోయింది. మబ్బు లేదు, ఎండ బాగా కాస్తోంది. అది పోయిన దారిలో సన్నని పొగచార నిలిచి, మెల్లగా వంకర్లు తిరిగింది. వాహనాల రొదలో చప్పుడేమీ వినబడలేదు. ఇంట్లోవాళ్లు విమానం మీద ఎండ తళుక్కుమని ఉంటుందంటున్నారు. పగలు ఉల్క కనబడటం సాధ్యమేనా?

సమాధానం (తెనాలి)

సాధ్యమేనండీ. రాత్రి రాలే చుక్కలు చాలావరకు ఇసుకరేణువులంతవే. పగటి వెలుగును మించి కనబడాలంటే అంతకన్నా ఎంతో పెద్ద రాయి కావాలి. 1947 ఫిబ్రవరి 12న రష్యాలోని సిఖోటే-అలిన్ పర్వతాల్లో పడిన ఇనుప ఉల్కను జనం పొద్దున పదిన్నర ప్రాంతంలోనే చూశారు, దాని పొగ గంటల తరబడి ఆకాశంలో నిలిచింది. విమానం తళుకు ముక్కలు కాదు, పొగా వదలదు. దయచేసి ఈ రోజే మళ్లీ అక్కడికి వెళ్లి, ఏ కొండకు ఎటువైపు, ఎంత ఎత్తులో చూశారో రాసిపెట్టండి. చాచిన చేతి పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. నలుగురితో మాట్లాడేకొద్దీ జ్ఞాపకం మారిపోతుంది.

సమాధానం (గుంటూరు)

నేనూ చూశాను! మేడ మీద బట్టలు ఆరేస్తుంటే వాయవ్యంలో, ఐదు పిడికిళ్లకు కాస్త తక్కువ ఎత్తున మెరిసింది. రెండున్నర నిమిషాల తరువాత ఎక్కడో ఉరిమినట్టయింది. మబ్బులేని ఉరుమేమిటని ఆశ్చర్యపోయానే గాని, రెంటినీ కలిపి ఆలోచించలేదు.

ప్రశ్న అడిగినవారు

వెళ్లి చూశాను. ఉండవల్లి కొండకు బాగా కుడిపక్కన, ఫోన్లోని దిక్సూచి ప్రకారం నేరుగా పడమర, నాలుగు పిడికిళ్ల ఎత్తు.

సమాధానం (తెనాలి)

గుంటూరువారు చెప్పిన, మెరుపుకూ ఉరుముకూ మధ్య ఉన్న ఆ ఆలస్యమే నాకు అన్నిటికన్నా విలువైన ఆధారం. ధ్వని కిలోమీటరుకు సుమారు 3 సెకన్లు తీసుకుంటుంది కనుక, ఉరుము దాదాపు 50 కిలోమీటర్ల నుంచి వచ్చింది. మీ ఇద్దరి దిక్కులనూ పటం మీద గీస్తే అవి అమరావతికి పడమరగా కలుస్తున్నాయి, ఎత్తు 35 కిలోమీటర్ల దాకా వస్తోంది. ఇది ఉజ్జాయింపు మాత్రమే, అయినా ఒక్కరి చూపుతో ఇంతైనా తెలిసేది కాదు.

ఈ ఆలస్యం తెలియకనే 2013 ఫిబ్రవరి 15న ఉల్క పేలినప్పుడు రష్యాలోని చెల్యాబిన్స్క్‌లో వెలుగేమిటో చూద్దామని కిటికీల దగ్గరికి చేరిన ఎందరో, ఆ తరువాత వచ్చిన పేలుడు తరంగానికి పగిలిన అద్దాలతో గాయపడ్డారు. మొత్తం క్షతగాత్రులు సుమారు 1500 మంది. అంతటి వెలుగు కనబడితే ముందు కిటికీకి దూరంగా జరగాలి.

క్రోసూరు, అచ్చంపేట వైపు పొలాలున్నవారు ఇది చదువుతుంటే, పలుచని నల్లటి పెంకుతో కొత్తగా పడిన రాయి కనిపిస్తుందేమో గమనించండి. దొరికితే అయస్కాంతం ఆనించవద్దు, లోపలి పురాతన అయస్కాంత జాడ చెరిగిపోతుంది. శుభ్రమైన సంచిలో ఉంచి భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు తెలియజేయండి.