‘మెమ్లెకెత్’ అంటే పుట్టిన ఊరా, సొంతూరా?

ప్రశ్న: తుర్కియే మహిళా ఫుట్‌బాల్ డిఫెండర్ల పరిచయాలు తెలుగులో రాయాలి. వివరాల్లో ‘దోఉమ్ యెరి’ ఒకటి, ‘మెమ్లెకెత్’ ఇంకొకటి ఉంటున్నాయి. రెండిటికీ జన్మస్థలం అనేస్తే పోదా? ‘బెలెదియెస్పోర్’, ‘స్తోపెర్’లను ఏం చేద్దాం?

జవాబు: పోదండీ. దోఉమ్ యెరి పుట్టిన చోటు, అంతే. మెమ్లెకెత్ మన సొంతూరు. ఇస్తాంబుల్‌లో పుట్టి పెరిగిన అమ్మాయి కూడా ‘మీదే ఊరు?’ అంటే సివాస్ అనో త్రబ్జోన్ అనో పెద్దల ఊరు చెప్పడం అక్కడ మామూలే. రెండూ ఇచ్చి ఉంటే రెండూ రాయండి. ఇంకో చిక్కుంది. ఇజ్మిర్ అని మాత్రమే ఉంటే అది నగరమూ కావచ్చు, అదే పేరున్న రాష్ట్రమూ కావచ్చు (అలాంటివి 81). కింద ‘ఇల్చె’ (రాష్ట్రంలో జిల్లా లాంటి భాగం) పేరుందేమో చూశాకే ‘ఇజ్మిర్ నగరంలో’ అనండి.

ఇంకొకరు: బెలెదియె మనకు కొత్త మాటేం కాదు. హైదరాబాద్ నగరపాలక సంస్థను పేపర్లవాళ్లు బల్దియా అంటారే, అదే అరబ్బీ మాట. బెలెదియెస్పోర్ అంటే పురపాలక సంఘం నడిపే క్లబ్బు. 2013 నుంచి 2017 దాకా వరసగా ఐదుసార్లు మహిళల లీగ్ గెలిచిన కొనక్ బెలెదియెస్పోర్‌లో కొనక్ అనేది ఇజ్మిర్‌లోని ఒక ఇల్చె. పేరును అనువదించకుండా, మొదటిసారి వచ్చినచోట ‘కొనక్ బల్దియా జట్టు’ అని పక్కన పెడితే చాలు.

గోల్‌ను వాళ్లు ‘కలె’ అంటారు, అంటే కోట. మన ఖిల్లాకూ మూలం ఆ అరబ్బీ మాటే. గోల్‌కీపర్ ‘కలెజి’, అచ్చంగా ఖిల్లాదారు! సరదాకి చెప్పాను, వ్యాసంలో గోల్‌కీపర్ అనే రాయండి.

మొదటి జవాబిచ్చినవారు: స్తోపెర్ అంటే సెంటర్ బ్యాక్. ‘సాఅ బెక్’ కుడివైపు బ్యాక్, ‘సొల్ బెక్’ ఎడమవైపు. డిఫెండర్‌ను ‘రక్షకురాలు’ చేయకండి, ఎవరినో ఆపద నుంచి గట్టెక్కించినట్టుంటుంది.

అన్నిటికన్నా ఎక్కువగా బోల్తా కొట్టించేది ‘ఆ మిల్లీ’. ‘ఆ’ అనేది ‘ఎ’ అక్షరం, మిల్లీ అంటే జాతీయ. మన క్రికెట్ అలవాటుతో దాన్ని ఇండియా-ఎ లాంటి రెండో జట్టు అనుకుంటారు. అక్కడ అది అసలు సీనియర్ జట్టు. తప్పు చదివితే కెప్టెన్ కాస్తా రిజర్వు ఆటగత్తె అయిపోతుంది.

మరొకరు: పేర్లు ఇంగ్లీషు చదివినట్టు చదవకూడదు. తోక లేని సి ‘జ’, తోక ఉన్నది ‘చ’. త, ద పళ్లకు తగిలి పలుకుతాయి, ట, డ వద్దు. కాబట్టి బెషిక్తాష్ క్లబ్బుకు ఆడిన డిఫెండర్ దిదెమ్ కరగెంచ్‌ను ‘డిడెమ్ కరగెంక్’ అనకండి. నెలవంక గుర్తున్న జి పలకదు, ముందున్న అచ్చును సాగదీస్తుంది. మూలా అనే ఊరిని ‘ముగ్లా’ అనేది ఇది తెలియకే. అయితే చాగ్లా అని కనిపించే అమ్మాయి పేరు సరిగ్గా పలికితే ‘చాలా’ అవుతుంది! ‘చాలా గోల్ ఆపింది’ అంటే ఎవరికి అర్థమవుతుంది? ఆ ఒక్కచోట ఇంటిపేరు కూడా కలిపి రాయండి.