శివారు ఆకాశానికి 15×70 బైనాక్యులర్ సరిపోతుందా, 20×80 కావాలా?

మాది బరంపురం శివారు. డాబా మీద నుంచి చూస్తే ఉత్తరాన ఊరి దీపాలు ఆకాశాన్ని బూడిదరంగు చేస్తాయి, దక్షిణం కాస్త నయం. మూడేళ్లుగా 10×50 (పది రెట్లు పెద్దగా చూపే, 50 మి.మీ. కటకాల) బైనాక్యులర్ వాడుతున్నాను. కృత్తికలు, పుష్యమి తారాగుచ్ఛం అందులో ఎంతో ముచ్చటగా ఉంటాయి. కానీ ఏప్రిల్ చివర్లో రాత్రి పదకొండు దాటాక, దక్షిణాన 23 డిగ్రీల ఎత్తుకే వచ్చే ఒమేగా సెంటారీ అనే గుండ్రటి తారాగుచ్ఛం మాత్రం తడిగుడ్డతో తుడిచిన సుద్దమరకలా మిగిలిపోతుంది. దాన్ని బాగా చూడాలన్నదే నా కోరిక.

మిత్రుడి 20×80 తెచ్చి మూడు రాత్రులు ప్రయత్నించాను. నేపథ్యం నల్లబడింది, మరక గుండ్రటి బంతిలా తేలింది. అయితే బరువు రెండు కిలోలకు పైనే. ఫొటో స్టాండుకు బిగిస్తే, చెయ్యి తీశాక కూడా ఐదారు సెకన్లు నక్షత్రాలు వణికాయి. స్టాండు కాళ్ల మధ్య ఇసుక సంచి వేలాడదీస్తే అది మూడు సెకన్లకు తగ్గింది. 60 డిగ్రీలు దాటిన వాటికి స్టాండు కిందకు దూరి మెడ వంచాల్సి వచ్చింది. పడక కుర్చీలో చేత్తో పట్టుకుంటే నిమిషానికే భుజాలు లాగేశాయి.

15×70 బరువు దాదాపు 1.4 కిలోలే. కానీ కంటికి చేరే కాంతిపుంజం వెడల్పు అందులో 4.7 మి.మీ., నా పాతదానిలో 5, 20×80లో 4. ఈ వెడల్పు తగ్గేకొద్దీ ఆకాశ నేపథ్యం నల్లబడుతుంది. నా పాతదానితో తేడా ఇంత తక్కువైతే 15×70లో నేపథ్యం నల్లబడుతుందా అన్నదే నా అనుమానం. నా వయసు 52, చీకట్లో కంటిపాప కుర్రవాళ్లకు విచ్చుకున్నంతగా విచ్చుకోకపోవచ్చు.

శివారు ఆకాశం కింద రెండూ వాడినవారు చెప్పండి: 15×70తో తృప్తి కలుగుతుందా, లేక దృఢమైన స్టాండు కొని 20×80కే వెళ్లాలా?