అప్‌డేట్: చలికి పడిపోయిన నీలిమందు బాన మళ్లీ లేచింది

చలి మొదలయ్యాక నీలిమందును పులియబెట్టిన రంగు బానలో ఎన్నిసార్లు ముంచినా నూలు లేతగానే వస్తోందని, ఆర్డర్లు ఆగిపోయాయని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. థర్మామీటర్ పెట్టి చూడమన్నవాళ్లదే కరెక్ట్: 16 డిగ్రీలు! అంత చల్లటి నీళ్లలో పులిసే పని దాదాపు ఆగిపోతుంది. బానకు హీటింగ్ ప్యాడ్, పైన దుప్పట్లు చుట్టి 30 దగ్గర నిలబెట్టాను, గుప్పెడు గోధుమ తవుడు వేశాను. నాలుగో రోజుకి పైన రాగిరంగు తెట్టు, కింద పసుపుపచ్చ నీళ్లు, అంటే బాన మళ్లీ పనిచేస్తున్నట్టే. పైకి తీసిన చిలప (నూలు కట్ట) నా చేతుల్లోనే ఆకుపచ్చ నుంచి నీలంలోకి తిరుగుతుంటే ప్రాణం లేచొచ్చింది.

అంతకుముందు నేను చేసిన ప్రయత్నాల్లో, నూలు మళ్లీ ఉడకబెట్టడం వల్ల ఒరిగిందేం లేదు. బాన నీళ్ల పీహెచ్ (క్షారగుణం కొలత) ముందునుంచీ 10 దాటే ఉంది, దాన్ని పెంచే సున్నం అవసరమే రాలేదు. అదనంగా పోసిన నీలిమందు మాత్రం నా తొందరపాటు, దండగ ఖర్చు. నూలు ఆరడానికి ఇప్పటికీ రెండు రోజులు పడుతోంది, డెలివరీ తేదీలో అది కలిపే చెబుతున్నా.